టీచరమ్మ కారుకు కొత్త ఫిల్టరు

ఆయన్ను వీధిలో అందరూ బ్రేకు బాబాయి అనేవాళ్ళు. ఎవరి కారెక్కినా డ్రైవరు పక్క సీట్లో కూర్చునేవాడు. ఎదురుగా ఓ సైకిలు కనిపిస్తే చాలు, కుడికాలితో కింద రబ్బరు చాపను గట్టిగా నొక్కేవాడు. అక్కడ బ్రేకు ఉండదని ఆయనకు తెలుసు. కాలికే తెలియదు. ఒక్క కారులో మాత్రం అక్కడ నిజంగానే బ్రేకు ఉండేది. అది ఆయన భార్య డ్రైవింగు నేర్పే కారు. పెళ్ళయిన కొత్తలో నడిరోడ్డు మీద దాన్ని గబుక్కున నొక్కేశాడు. వెనకొస్తున్న స్కూటరు వచ్చి బంపరుకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, ఆవిడ ఆ రోజునుంచి ఆ కారులో ఆయన్ను వెనక సీట్లోనే కూర్చోబెట్టేది. పేరు మాత్రం నిలిచిపోయింది.

ఆయన పని కళ్ళద్దాల షాపు వెనకగదిలో. డాక్టరు రాసిచ్చిన అద్దాన్ని తెచ్చి, ఫ్రేముకు సరిపోయేలా అంచులు అరగదీసి, అందులో కూర్చోబెట్టడం. వెంట్రుకవాసి ఎక్కువైతే ఫ్రేము పగులుతుంది, తక్కువైతే అద్దం జారి పడుతుంది. అందుకే ఒకటికి నాలుగుసార్లు కొలిచేవాడు. ఆ గదిలో ఆ గుణం బాగా పనికొచ్చేది. ఇంటికొచ్చాక అదే గుణం ప్రాణం తోడేసేది. తాళం వేసి మెట్లు దిగేవాడు, మళ్ళీ ఎక్కి లాగి చూసేవాడు. స్టవ్వు కట్టేశామా అని బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చేది. ఆకాశంలో మబ్బుతునక కనిపిస్తే గొడుగు, కనిపించకపోతే అసలు ఎందుకు కనిపించడం లేదా అన్న బెంగ.

అలాంటి మనిషి డ్రైవింగు టీచర్ని ఎలా చేసుకున్నాడని అందరూ అడిగేవాళ్ళు. ఆయన డ్రైవింగు నేర్చుకోవడానికే వెళ్ళాడు. ఆవిడ అప్పుడే వాళ్ళ నాన్న స్కూలును చేతిలోకి తీసుకుంది. రెండుసార్లు పరీక్ష తప్పాడు. మూడోసారి వెళ్ళనే లేదు, క్లాసులకు మాత్రం మానకుండా వచ్చాడు. "మీకు లైసెన్సు వచ్చేటట్టు లేదండీ. ఇంకేమన్నా కావాలంటే చెప్పండి," అందిట ఆవిడ. ఆయన నీళ్ళు నమిలాడు గానీ, చెప్పాల్సింది చెప్పాడు.

టీచరమ్మ ఇరవై ఏళ్ళకు పైగా ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టడం నేర్పింది. గేరు మార్చమంటే హారను నొక్కేవాళ్ళు, కుడికి తిప్పమంటే కళ్ళు మూసుకునేవాళ్ళు, అందరినీ ఓర్చుకుంది. నలభై ఆరో ఏట ఓ సాయంత్రం టీ తాగుతూ, కొండ పోటీలో పాల్గొంటానంది. ఊరి బయట కొండమీదికి మెలికలు తిరిగే రోడ్డుంది. ఏడాదిలో కొన్ని ఆదివారాలు దాన్ని మూసేసి, ఒక్కో కారునూ విడివిడిగా పైకి పంపిస్తారు. ఎవరు తక్కువ సమయంలో పైకి చేరితే వాళ్ళు గెలిచినట్టు.

బాబాయి కప్పు కింద పెట్టేశాడు. "ఇప్పుడేమొచ్చిందే నీకు?"

"ఏం రాలేదు. ఇన్నేళ్ళూ పక్క సీట్లో కూర్చుని పక్కవాళ్ళ భయం కోసం బ్రేకు తొక్కుతున్నాను. ఒక్కసారి నా కాలితో యాక్సిలరేటరును పూర్తిగా కిందికి నొక్కి చూడాలనుంది."

ఆయన వద్దనలేదు. వద్దనడం ఆయనకు చేతకాదు. బెంగపడటమే చేతనవును. ఆవిడ తమ్ముడు, అంటే బాబాయి బామ్మర్ది, ఓ చిన్న గ్యారేజీ నడిపేవాడు. అక్క కోసం పాత ఎర్ర చిన్నకారు ఒకటి కొని, వెనక సీటు పీకేసి, లోపల ఇనుపగొట్టాల పంజరం బిగించి, ఇంజిన్ను విప్పి కూర్చాడు. టీచరమ్మ రెండు పోటీలు పూర్తిచేసింది. ఆ రెండు ఆదివారాలూ బాబాయి ఇంట్లోనే ఉండిపోయాడు. ఫోను మోగేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. ఆవిడ తిరిగొచ్చాక, క్షేమంగా వచ్చావు అదే చాలు అన్నాడే గానీ, ఎలా జరిగిందని మాటవరసకైనా అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

మూడో పోటీ దగ్గరపడుతోంది. ఎయిర్ ఫిల్టరు నల్లబడిపోయిందని, ఒకసారి కడగాలని టీచరమ్మ అనుకుంటుంటే బాబాయి విన్నాడు. అది మామూలు కాగితం ఫిల్టరు కాదు. ఇంజిన్లోకి గాలి ధారాళంగా వెళ్ళేందుకు నూలు వలతో మడతలు మడతలుగా చేసి, నూనె పట్టించినది. పారెయ్యకుండా కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. ఆవిడకు వారమంతా పరీక్షకెళ్ళే విద్యార్థులతో తీరికలేదు. తనవంతు సాయం చేద్దామని ఆయన మర్నాడు ఇంజిన్ పక్కనున్న దాని పెట్టె మూత తీసి, దాన్ని తన షాపుకు పట్టుకెళ్ళాడు. వెనకగదిలో గోరువెచ్చటి నీళ్ళతో, అద్దాలు కడిగే ద్రవంతో, పసిపిల్లకు తలంటినంత జాగ్రత్తగా కడిగాడు. మురికంతా పోయింది. ఇక ఆరబెట్టాలి. అద్దాల మీద పొడి ఊదే గాలిగొట్టం పక్కనే ఉంది. అది పెట్టి ఊదాడు. టప్‌మని చిన్న చప్పుడైంది. నూలు వలలో బొటనవేలు పట్టేంత చిల్లు.

గొట్టం కట్టేసి, ఆ చిల్లులో వేలు పెట్టి చూశాడు. అలాంటి ఫిల్టరును గాలితో ఆరబెట్టకూడదని, నీడన ఆరనివ్వాలని ఆయనకు తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి చెప్పడానికి ఆయనకు ఏ తంటా లేకపోయింది. ముఖం చూడగానే టీచరమ్మ అడిగేసింది. "ఏం పాడుచేశారు?"

సంచిలోంచి తీసి చూపించాడు. ఆవిడ దాన్ని దీపం వైపు పట్టుకుంది. చిల్లులోంచి వెలుతురు ఆవిడ చెంపమీద పడింది. కోప్పడుతుందేమోనని చూశాడు. కోప్పడితే బాగుండుననుకున్నాడు.

"దీంతో నడిపితే దుమ్మంతా నేరుగా ఇంజిన్లోకి పోతుంది," అంది. "ఆదివారం లోపల కొత్తది కావాలి. నాకు శనివారం దాకా క్లాసులే. చించింది మీరు కాబట్టి తెచ్చేదీ మీరే."

"నేనా? నాకేం తెలుసే వాటి గురించి?"

"వెయ్యి రకాల ఫ్రేముల్లో ఒక్కటి ఎంచి జనాలకు పెడుతున్నారుగా. ఇదీ అంతే," అని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆయన గ్యారేజీకెళ్ళాడు. బామ్మర్ది ఓ కారు కిందనుంచి తల బయటికి పెట్టి, చిరిగిన ఫిల్టరును చూసి పడిపడి నవ్వాడు. "బావా, ఇన్నేళ్ళకు నువ్వు ఓ పందెం కారును ఆపగలిగావు. అదీ బ్రేకు లేకుండా."

"నవ్వింది చాలు. ఏది కొనాలో చెప్పు."

"దీని బదులు కోను ఫిల్టరు తీసుకురా. ఇలా పెట్టెలో కూర్చునేది కాదు. పెట్టె మొత్తం తీసేసి గొట్టం చివర గంటలా తగిలిస్తాం. అక్క కాలు నొక్కిందంటే ఆ శబ్దం వీధి చివరిదాకా వినిపిస్తుంది. కారు పులిలా గర్జిస్తుంది."

బాబాయి చిరిగిన ఫిల్టరును మళ్ళీ సంచిలో వేసుకున్నాడు. పులిలా గర్జించే కారులో తన భార్యను ఊహించుకుంటూ స్పేరుపార్టుల షాపు దాకా నడిచాడు. సగం దారిలో ఒక ఆలోచన తట్టింది. తనే ఎంచాలని ఆవిడే చెప్పింది. ఎంచేది తనైనప్పుడు, కారును కాస్త నెమ్మదిగా పోనిచ్చే ఫిల్టరు ఎందుకు ఎంచకూడదు? ఎవరికీ నష్టం లేదు. పోటీకి వెళ్తుంది, వస్తుంది. రెండు మూడు సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ రెండు సెకన్లలో ఓ ప్రాణం నిలబడొచ్చు. ఆ ఆలోచన మనసులో పడ్డాక కాళ్ళు తేలికపడ్డాయి. వెంటనే, తను చేస్తున్నది మోసమేమోనని మళ్ళీ బరువెక్కాయి.

షాపులో కౌంటరు వెనక ఒకావిడ కూర్చునుంది. మెడలో తాడుతో వేలాడే కళ్ళజోడు. బాబాయి ముందు ఆ ఫ్రేమునే చూశాడు, చెవిమీద ఆనే ఎడమ కాడ వంకరగా ఉంది. చిరిగిన ఫిల్టరును కౌంటరు మీద పెట్టి, కారు ఏదో చెప్పాడు. ఆవిడ అలమారలోంచి మూడు పెట్టెలు తీసి వరసగా పెట్టింది.

"ఇది పాతదాని లాంటిదే, నూనె పట్టించిన నూలు. ఇది నూనె అవసరం లేని పొడి రకం, ఇదీ పాత పెట్టెలోనే కూర్చుంటుంది. మూడోది కోను. ఎందుకు వాడతారు కారు?"

"కొండ పోటీకి. మా ఆవిడ నడుపుతుంది."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆయన వైపు ఒకసారి చూసింది. "అయితే వేగం కావాలన్నమాట."

బాబాయి అటూ ఇటూ చూశాడు. షాపులో ఇంకెవరూ లేరు. గొంతు తగ్గించి అడిగాడు. "మేడమ్, కాస్త నెమ్మదిగా పోయేట్టు చేసేది ఏమన్నా ఉందా?"

ఆవిడ నవ్వలేదు. "ఉందండీ. చూడ్డానికి అన్నిటికన్నా జోరుగా కనిపించేదే." కోను పెట్టెమీద వేలితో తట్టింది. "దీనికి తగిన కవరూ, బయటి గాలి తెచ్చే గొట్టమూ లేకుండా బిగిస్తే ఇంజిన్ పక్కనుండే వేడిగాలినే పీలుస్తుంది. వేడిగాలిలో సత్తువుండదు. చప్పుడు ఎక్కువ, లాగుడు తక్కువ. కొందరికి ఆ చప్పుడే చాలు."

ఆయనకు ఇంకేం వినిపించలేదు. ఆవిడ వెనకనుంచి "కవరు కూడా తీసుకోండి, లేకపోతే..." అంటూనే ఉంది. ఆయన కోను పెట్టెను చంకలో పెట్టుకుని రోడ్డెక్కాడు.

బామ్మర్ది మురిసిపోయాడు. "బావా, నీలో ఇంత కళ ఉందని నాకు తెలీదు," అంటూ ఇంటినుంచి కారు తెప్పించి అరగంటలో బిగించేశాడు. కవరు సంగతి ఆయన ఎత్తలేదు, వాడూ అడగలేదు. ఇంజిన్ స్టార్టుచేసి వేగం పెంచితే గ్యారేజీ రేకులు అదిరాయి. బాబాయి చెవులు మూసుకున్నాడు. లోపల మాత్రం, అరవవే తల్లీ, ఎంతసేపైనా అరుచుకో, కదలకపోతే అదే పదివేలు, అనుకున్నాడు.

ఆ సాయంత్రం క్లాసులు ముగించుకుని టీచరమ్మ కారు తీసుకెళ్ళడానికి గ్యారేజీకి వచ్చింది. చప్పుడు విని కళ్ళు పెద్దవి చేసింది. "మీరు ఎంచారా ఇది? మీరేనా?" అని, ఆయన భుజంమీద చెయ్యేసింది. ఆ చెయ్యి ఆయనకు బండరాయిలా తోచింది. పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

బజారంతా వాహనాలతో కిక్కిరిసి ఉంది. కారు అడుగు కదలడం, ఆగడం. ఎండకు కాగిన రోడ్డు, పైగా ఇంజిన్ వేడి. బాబాయి చెమట తుడుచుకుంటూ ఉండిపోయాడు. బజారు దాటి పెద్దరోడ్డు కలిసే చోటుకొచ్చారు. అక్కడ సిగ్నల్ దీపాలుండవు, సందు చూసుకుని దూరాలి. టీచరమ్మ అటూ ఇటూ చూసింది. దూరంగా ఓ లారీ, మధ్యలో బోలెడంత చోటు. కాలు నొక్కింది.

కారు రోడ్డు మధ్యదాకా వచ్చి గుటక మింగినట్టు ఆగింది. పూర్తిగా ఆగలేదు. ముందుకు పోవాలా వద్దా అన్నట్టు ఊగింది, చప్పుడు మాత్రం భూమ్యాకాశాలు దద్దరిల్లేలా చేసింది. లారీ హారను మోగింది, మళ్ళీ మోగింది. దాని ముందుభాగం బాబాయి కిటికీని నిండా కప్పేస్తోంది. ఆయన కాలు చాపను తొక్కుతోంది. కావలసింది బ్రేకు కాదని, ఇంకేదో కావాలని, అది తన కాలికింద లేదని ఆ క్షణంలో ఆయనకు తెలిసింది.

టీచరమ్మ కాలు ఎత్తి, గేరు తగ్గించి, మళ్ళీ మెల్లగా నొక్కింది. కారు దగ్గి, ఊపందుకుని, అవతలి అంచు చేరింది. లారీ వెనకనుంచి గాలి విసురుతూ వెళ్ళిపోయింది. ఆవిడ కారును ఓ మూసిన దుకాణం ముందు ఆపి, ఇంజిన్ కట్టేసింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

"నొక్కితే రాలేదు," అంది. తనతో తను అనుకున్నట్టు. "ఇది ఇలా ఎప్పుడూ చెయ్యలేదు. వేడెక్కిందా? ఫిల్టరు వల్లేనా?"

బాబాయి అద్దంలోంచి ఆ దుకాణం షట్టరు వైపు చూస్తూ మొత్తం చెప్పాడు. షాపావిడను ఏమడిగాడో, ఆవిడ ఏమందో, కవరు ఎందుకు తేలేదో. "నువ్వు నెమ్మదిగా పోతే చాలనుకున్నానే," అన్నాడు చివరికి.

టీచరమ్మ స్టీరింగు మీదినుంచి చేతులు తీసింది. విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ఆవిడకో గొంతు ఉండేది, అరవని, తొణకని గొంతు. ఆ గొంతుతో చెప్పింది.

"నన్ను నెమ్మదిగా వెళ్ళమనాలంటే నాతో చెప్పండి. కారుతో చెప్పకండి. నేను వేగంగా వెళ్తానా, తగ్గుతానా అన్నది నా కాలు చూసుకుంటుంది. కానీ అడిగినప్పుడు అడిగినంత కారు ఇవ్వాలి. కొండమీద మలుపులో నేను నొక్కి, ఇది ఇప్పటిలా ఆలోచిస్తూ కూర్చుంటే నేనెక్కడుంటానో మీకు తెలుసా?"

ఆయనకు తెలుసు. పొద్దుటినుంచీ తెలిసినట్టే ఉంది, తెలియనట్టు నడిచాడు.

"మానెయ్యమంటే మానేస్తావా?" అని అడిగాడు.

ఆవిడ ఆలోచించింది. "మానను. కానీ మీరు అడగాలి. అడగకుండా ఇలా చెయ్యకూడదు."

"నాకు భయంగా ఉందే."

"నాకు మాత్రం లేదనుకున్నారా? బయల్దేరే గీత దగ్గర నిలబడితే మోకాళ్ళు వణుకుతాయి. క్లచ్చు మీద కాలు ఆనదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోట ఆ మాట ఆయన వినలేదు. భయమంటే ఇంట్లో తనొక్కడి సొత్తని అనుకుంటూ వచ్చాడు. ఇది విన్నాక బెంగ తగ్గిందా అంటే తగ్గలేదు. ఇద్దరి బెంగా కలిసి రెట్టింపైంది. ఇంటిదాకా ఆవిడ ముప్పై దాటకుండా నడిపింది.

శనివారం ఆయన తన పని బల్లమీది సన్న కొలబద్దను జేబులో వేసుకుని, పాత ఫిల్టరు పట్టుకుని, స్పేరుపార్టుల షాపు తెరవకముందే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కౌంటరావిడ వచ్చి షట్టరు ఎత్తుతూ, ఆయన చేతిలోని పాత ఫిల్టరును చూసి ఏం జరిగిందో ఊహించుకుంది. "నిన్న మాట పూర్తిగా వినకుండా పరిగెత్తారు," అంది. ఆయన తల దించుకున్నాడు. "ఇవాళ పూర్తిగా వింటానండి."

రెండు పెట్టెలు మళ్ళీ కౌంటరు మీదికొచ్చాయి. నూలు రకాన్ని ఆవిడ విప్పి చూపింది. కొత్తదానికి నూనె పట్టించే వస్తుంది. గాలి చక్కగా వదులుతుంది, మన్నుతుంది. కానీ ఎప్పుడైనా కడిగి నూనె ఎక్కువ పట్టించారంటే, ఆ నూనె తుంపరలు లోపలికి పోయి గాలిని కొలిచే సెన్సరు మీద పడతాయి. అప్పుడు ఇంజిను లెక్క తప్పుతుంది. పొడి రకానికి ఆ గొడవ లేదు. దుమ్మును బాగా ఆపుతుంది. గాలి వదలడంలో మాత్రం నూలుకన్నా కాస్త, చాలా కాస్త, తక్కువ.

"ఆ కాస్త వల్ల నొక్కినప్పుడు కారు తటపటాయిస్తుందా?"

"తటపటాయించదు. పైదాకా వెళ్ళేసరికి మీ ఆవిడకు కూడా తేడా తెలియదు. మీరు సరిగ్గా కూర్చోబెడితే చాలు. ఎంత మంచి ఫిల్టరైనా అంచు దగ్గర సందుంటే లేనట్టే."

ఆ మాట ఆయనకు పాఠం చెప్పక్కర్లేకుండా అర్థమైంది. రెండు ఫిల్టర్ల రబ్బరు అంచులనూ నాలుగు వైపులా కొలిచాడు. పాతదాని అంచుతో పోల్చాడు. నూలు రకం ఓ మూల కొంచెం పలచగా ఉంది. అది నిజంగా తక్కువో, పెట్టెలో నలిగిందో తేల్చుకోలేకపోయాడు. ఇంకొకటి తీయించి కొలిచాడు. అది సరిగ్గానే ఉంది. అయినా ఆ పలచని మూల ఆయన మనసులోంచి పోలేదు. నూనె సంగతీ పోలేదు. ఈసారి కడిగేది తనే అవుతుందని, నూనె పట్టించేదీ తనే అవుతుందని, చేతులు వణికి ఎక్కువ పోస్తాడని ముందే తెలిసిపోయినట్టుంది. పొడి రకం తీసుకున్నాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, "ఇదే కదండీ సరైనది?" అని అడిగాడు. ఆవిడ అవునంది. ఆవిడ కళ్ళజోడు కాడను అక్కడే వంచి సరిచేసిచ్చి, మళ్ళీ బయల్దేరాడు.

ఆ సాయంత్రం టీచరమ్మ క్లాసులు అయ్యాక, బామ్మర్ది కోనును విప్పేటప్పుడు ముఖం ముడుచుకున్నాడు. అక్క ఏం జరిగిందో చెప్పగానే ముఖంలో రంగు పోయింది. కవరు లేకుండా బిగించింది తనే కదా. పాత పెట్టెను తెచ్చి బిగించాడు. ఫిల్టరును మాత్రం బాబాయే కూర్చోబెట్టాడు. ముందు పెట్టె లోపలి భాగమంతా తడిగుడ్డతో తుడిచాడు. ఫిల్టరును పెట్టి, రబ్బరు అంచును వేలితో చుట్టూ నొక్కాడు. మూత వేసి క్లిప్పులు బిగించాక, సన్నగా కత్తిరించిన కాగితం ముక్కను మూత అంచుపొడవునా దూర్చబోయాడు. ఎక్కడా దూరలేదు. మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ కాగితంతో చూశాడు. టీచరమ్మ గోడకానుకుని అంతా చూస్తూ ఉంది గానీ, ఇక చాలు అనలేదు.

ఆదివారం ఆయన కూడా కొండ దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో ఉండలేక. అడుగున చదునైన చోట కార్లు బారులు తీరాయి. పెట్రోలు వాసన, కాలిన రబ్బరు వాసన. పిల్లలు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కేరింతలు కొడుతున్నారు. టీచరమ్మ హెల్మెట్టు పెట్టుకుని కారెక్కే ముందు ఆయన వైపు చూసింది. "క్లిప్పులు చూశారా?" అని అడిగింది. అప్పటికే చూసొచ్చాడు. అయినా వెళ్ళి మళ్ళీ చూసొచ్చాడు.

జెండా ఊగింది. కారు గీత దాటింది. చప్పుడు మొదటి మలుపు దాకా గట్టిగా, రెండో మలుపులో సన్నగా వినిపించింది. తర్వాత కొండ మడత అడ్డొచ్చి, ఏమీ లేదు. మైకులో చెప్పే మనిషి అంతకుముందు ప్రతి కారు గురించీ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు గరగరమని శబ్దం వచ్చి ఆగిపోయింది. గీత దగ్గర నిలబడ్డతను తర్వాతి కారును కదలనివ్వకుండా ఎర్రజెండా పైకెత్తాడు. చెవిలో వైరు పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

బాబాయి గబగబా అతని దగ్గరికెళ్ళాడు. "ఏమైంది బాబూ? పైకెళ్ళిన కారు..."

"ఒక్క నిమిషం ఆగండి," అని అతను చెయ్యి అడ్డంపెట్టాడు.

ఆ నిమిషంలో ఆయన తలలోకి రాని ఆలోచన లేదు. రబ్బరు అంచు జారిపోయి ఫిల్టరు లోపలికి లాక్కుపోయిందేమో. ఓ క్లిప్పు వదులైందేమో. కాగితంతో చూసినప్పుడు ఏదో మూల వదిలేశాడేమో. మలుపులో కాలు నొక్కితే కారు రాలేదేమో. పక్కకు తిరిగి బామ్మర్ది వైపు చూశాడు. ఎప్పుడూ ఏదో ఒకటి కూసే మనిషి నోరు మూసుకుని కొండ వైపే చూస్తున్నాడు. అది చూసి పై ప్రాణాలు పైనే పోయాయి.

"పై మలుపు దగ్గర మేకలు రోడ్డెక్కాయట," అన్నాడు జెండా మనిషి, వైరు సర్దుకుంటూ. "తోలేదాకా ఆపమంటున్నారు. మైకు కూడా పాడైంది."

"మరి ఆవిడ?"

"ఎవరు, ఎర్రకారావిడా? ఆవిడ దాటిపోయాకే ఎక్కాయి. పైకి చేరారు, సమయం కూడా చెప్పారు."

బాబాయి అక్కడే రోడ్డు పక్క రాతిమీద కూలబడ్డాడు. బామ్మర్ది నీళ్ళ సీసా ఇస్తే సగం తాగి సగం చొక్కా మీద పోసుకున్నాడు. "మేకలు బావా, మేకలు," అని వాడు నవ్వబోయి, నవ్వు రాక కళ్ళు తుడుచుకున్నాడు.

టీచరమ్మకు తన తరగతి కార్లలో ఆరో స్థానం వచ్చింది. అంతకుముందు రెండుసార్లకన్నా మెరుగే గానీ, బహుమతికి చాలా దూరం. కార్లన్నీ వరసగా దిగొచ్చినప్పుడు ఆవిడ ఎండకు కందిన ముఖంతో, నుదుటికి అతుక్కున్న జుట్టుతో దిగింది. బాబాయి ముందుగా బానెట్టు ఎత్తించి, పెట్టె మూత తీసి చూశాడు. అంచు పెట్టినచోటే ఉంది. లోపలివైపు వేలితో రాస్తే దుమ్ము అంటలేదు. మూత వేసి క్లిప్పులు బిగించాడు.

ఆ తర్వాత మరో మూడేళ్ళు ఆవిడ ఆ కొండ ఎక్కింది. ఒకసారి కారు పక్కకు జారి గడ్డిలో దిగింది, మణికట్టు బెణికింది. ఆయన నెలరోజులు తిండి సరిగ్గా తినలేదు. ఒకసారి మూడో స్థానం వచ్చింది. ప్రతి పోటీకీ ముందు ఆయన కొత్త ఫిల్టరు కొలిచి, కూర్చోబెట్టి, కాగితంతో చూసేవాడు. వెళ్ళేముందు నాకు భయంగా ఉంది అని చెప్పేవాడు. నాకూ ఉంది అనేది ఆవిడ. ఆవిడ ఒక్కసారీ మానలేదు, ఆయనా ఇంకెప్పుడూ కారుతో రాయబారం నడపలేదు.

ఆయన వెళ్ళిన ఆ మొదటి ఆదివారం మాత్రం, కొండ అడుగున నీడలో కూర్చుని, ఆవిడ చేతిలో నీళ్ళ సీసా పెట్టాడు. తాగడం అయ్యేదాకా ఆగాడు. అరచేతులకు ఇంకా చెమటలు పడుతూనే ఉన్నాయి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"మొదటి మలుపునుంచి చెప్పు," అన్నాడు.

"భయపడతారు."

"పడతాను. చెప్పు."

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.